తెరమీది పలకరింపు

అరువదేండ్ల క్రితము హైదరాబాదులోని నారాయణగూడలోనో, చిక్కడపల్లిలోనో నివసించు తల్లి, విదేశమున నున్న కుమారుని క్షేమము తెలిసికొనవలెనన్నచో ఉత్తరము వ్రాయవలసినదే. అది చేరుటకు కొన్నాళ్లు, ప్రత్యుత్తరము వచ్చుటకు మరికొన్నాళ్లు పట్టెడిది. దేశము లోపల మాటలాడుటకు ట్రంకుకాల్ ఉండెడిది. అదియు ఊరక లభించునది కాదు. ముందుగా బుక్ చేసి, సాధారణమో, అర్జెంటో, లైట్నింగో చెప్పి, ఫోను గల వారి యింట గంటల తరబడి వేచియుండవలసి వచ్చెడిది. నంబరు త్రిప్పి నేరుగా వేరొక పట్టణముతో మాటలాడు ఎస్.టి.డి. సౌకర్యము మన దేశమున 1960వ సంవత్సరమున కాన్పూరు, లక్నో నగరముల నడుమ మొదలైనది. ఆ రోజులలో దూరము నుండి ఫోను వచ్చినదనగానే వీధిలోని వారందరు ఏమి కీడు వార్తయో యని కంగారుపడెడివారు.

నేడు ఆ కష్టము లేదు. 2016వ సంవత్సరమున వాట్సాప్‌లో వీడియో కాల్ సౌకర్యము వచ్చిన పిదప, అమెరికాలోని మనుమడు పళ్లు తోముకొనుచుండగా అశోక్‌నగర్‌లోని నానమ్మ అరచేతిలోని సెల్‌ఫోనులో చూడగలుగుచున్నది. అంబర్‌పేట మొదలు అశోక్‌నగర్ వరకు గల పేటలలో ఈ సౌకర్యమునకు ఎంతేని అవసరము కలదు. ఇచ్చటి మధ్యతరగతి కుటుంబములు పిల్లల చదువులకే తమ సర్వస్వము వెచ్చించినవి. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమున నేటికిని పరీక్షలకు చదువుకొను యువకులు బారులు తీరి కూర్చుందురు. అట్లు చదివిన వారిలో పలువురు సముద్రములు దాటిపోయిరి. తలిదండ్రులు పాత యిండ్లలోనో, ఆ యిండ్లు పడగొట్టి కట్టిన అపార్టుమెంట్లలోనో ఉండిపోయిరి. సాయంకాలము త్యాగరాయ గానసభకు మెల్లగా నడచిపోవు వృద్ధులను పలకరించినచో, మా వాడు ఫలానా దేశమున నున్నాడని చెప్పువారు చాలమంది కనబడుదురు.

దూరము తగ్గినదని అందరును చెప్పుదురు. నిజమే. కాని తెరకు ఈవల కూర్చున్న మనిషియే ఆవలి మనిషిని మరచిపోయినచో, ఆ దూరమును దాటించుట ఎట్లు?

వృద్ధాప్యమున అడిగినదే అడుగుట, చెప్పినదే చెప్పుట చూచి జనులు దానిని చాదస్తమని త్రోసివేయుదురు. కళ్లజోడు ఎక్కడ పెట్టితినా యని వెదకికొనుట అందరికిని కలిగెడి మరపే. ఆ కళ్లజోడును చేతికిచ్చినను అది యెందులకో తెలియకుండుట వేరు. అది వ్యాధి. దీనిని వైద్యులు డిమెన్షియా యందురు. మెదడును క్షీణింపజేయు పలు రోగముల వలన ఈ స్థితి కలుగును. వానిలో ఎక్కువగా కానవచ్చునది ఆల్జీమర్స్ వ్యాధి.

ఆ పేరు ఒక జర్మను వైద్యునిది. 1901వ సంవత్సరమున ఫ్రాంక్‌ఫర్టు నగరములోని ఆసుపత్రికి అగస్టే డీటర్ అను ఏబది యొక్క యేండ్ల స్త్రీని తీసికొని వచ్చిరి. ఆలోయిస్ ఆల్జీమర్ ఆమెను ప్రతిదినము ఓపికతో ప్రశ్నించి, జవాబులను వ్రాసికొనెను. పేరు వ్రాయుమని కాగితమిచ్చినచో ఆమె ‘శ్రీమతి’ అని వ్రాసి, మిగిలినది మరచి ఆగిపోయెడిది. 1906లో ఆమె మరణించిన పిదప ఆయన ఆమె మెదడును పరీక్షించి, అందులోని మార్పులను గూర్చి ఆ యేడే వైద్యుల సభలో వివరించెను. 1910లో క్రేపెలిన్ అను పెద్ద వైద్యుడు తన గ్రంథమున ఈ వ్యాధికి ఆల్జీమర్ పేరు పెట్టెను. మన దేశమున అరువదేండ్లు దాటిన వారిలో నూటికి ఏడుగురికి మించి, అనగా సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా యున్నదని 2023లో వెలువడిన ఒక అధ్యయనము అంచనా వేసినది.

ఈ వ్యాధి జ్ఞాపకములను ఒక్కమారుగా తుడిచివేయదు. సాధారణముగా క్రొత్తవి ముందు పోవును, పాతవి చాలకాలము నిలుచును. పలక మీది వ్రాత చేయి తగులగానే చెదరిపోవును. రాతి మీద చెక్కిన అక్షరము వానలకు తట్టుకొని నిలుచును. ఉదయము తిన్న ఇడ్లీ సంగతి మరచిన ముసలివాడు, చిన్ననాడు వల్లెవేసిన శతక పద్యమును తడబడక చదువుట ఇందువలననే.

అశోక్‌నగర్‌లో ఒక వృద్ధురాలు కలదు. ముప్పది యేండ్లు బడిపిల్లలకు లెక్కలు చెప్పిన ఉపాధ్యాయిని. కుమారుడు అమెరికాలోని డాలస్ నగరమున నున్నాడు. కుమార్తె, అల్లుడు, ఎనిమిదవ తరగతి చదువు మనుమరాలు ఆమెతో కూడ ఉన్నారు. ఆమెకు డెబ్బది యైదేండ్లు దాటిన పిదప మరపు మొదలైనది. తొలుత పాలవాని లెక్క తప్పినది. పిదప తానెరిగిన వీధిలోనే దారి తప్పినది. ఆపై, తెరమీది కుమారుని పోల్చుకొనుట తప్పినది.

ఆ కుమారుడు ప్రతి ఆదివారము ఇచ్చటి సాయంకాలము ఆరున్నర గంటలకు ఫోను చేసెడివాడు. అది అతనికి ఉదయకాలము, తీరిక సమయము. పలుకగానే “అమ్మా, నేనెవరో చెప్పు” అని అడిగెడివాడు. ఇందులో చెడ్డ ఉద్దేశ మేమియు లేదు. తన పేరు తల్లి నోట వినవలెనను కోరిక ఏ బిడ్డకు ఉండదు? కాని ఆమెకు అది పరీక్షగా తోచెడిది. జీవితమంతయు పరీక్షలు పెట్టిన ఆమె, జవాబు తెలియని పిల్లవలె చీర కొంగు నలుపుచు కూర్చుండెడిది. ఒకనాడు తెరను చాలసేపు చూచి, “ఎవరమ్మా ఆ పెద్దమనిషి? పాపము, ఎండలో నిలుచున్నాడు. లోపలికి రమ్మని చెప్పు” అని కుమార్తెతో అన్నది. మరియొకనాడు ఫోనును త్రిప్పి, మనిషి వెనుక ఏమైన ఉన్నాడేమో యని చూచినది. తెర మూలలో చిన్నదిగా కనబడు తన ముఖమునే చూచి, “ఆ ముసలావిడ నావంకే చూచుచున్నది. ఆవిడకు కాఫీ ఇచ్చితిరా?” అని అడిగినది. మనుమరాలు నవ్వినది. కుమారుడు నవ్వలేకపోయెను.

కొంతకాలమునకు అతడు చెల్లెలితో, “నేను మాటలాడిన సంగతి అయిదు నిమిషములకే మరచిపోవుచున్నది. ఇంక పిలిచి ఏమి లాభము?” అని అన్నాడు. వారమునకు ఒకమారు వచ్చు ఫోను నెలకు ఒకమారైనది. ఇట్లు ఆగిపోయిన ఫోనులు లోకమున ఎన్ని యున్నవో! పిలుచువారికి ప్రేమ లేక ఆగిపోవునవి వానిలో తక్కువ. పిలుచుట వ్యర్థమను తలంపుతో ఆగిపోవునవే ఎక్కువ.

ఆ తలంపు సరికాదని మొదట గ్రహించినది ఆ యింటి ఎనిమిదవ తరగతి బాలిక. మామయ్య అమ్మమ్మను ప్రశ్నలడిగిన నాడు, ఫోను పెట్టివేసిన పిదప ఆమె గదికిని వాకిలికిని తిరుగాడెడిది. అన్నము ముట్టెడిది కాదు. ఎందుకని అడిగినచో చెప్పలేకపోయెడిది. మామయ్య తన చిన్ననాటి అల్లరిని తానే చెప్పుకొని నవ్విన నాడు, ఆమె ఫోను సంగతి మరచియు, వరండాలో కూర్చుండి ఏదో కూనిరాగము తీయుచుండెడిది. “అమ్మమ్మ మాట మరచిపోవును గాని, సంతోషము మరచిపోదు” అని ఆ పిల్ల తల్లితో చెప్పినది.

శాస్త్రజ్ఞులును ఇదే చెప్పిరి. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయపు పరిశోధకులు ఆల్జీమర్స్ రోగులు పదునేడుగురికి దుఃఖము కలిగించు చలనచిత్ర ఖండములను, తరువాత వేరుగా సంతోషము కలిగించు వానిని చూపిరి. కొద్దిసేపటికే వారిలో పలువురు తాము చూచిన దానిని మరచిరి. కాని ఆ చిత్రములు కలిగించిన దుఃఖము, సంతోషము అరగంట వరకును వారి మనసులలో నిలిచియుండెను. చిత్రమేమనగా, చూచిన దానిని ఎంత ఎక్కువగా మరచిరో వారి దుఃఖము అంత ఎక్కువసేపు నిలిచినది. ఈ ఫలితములు 2014లో ప్రకటింపబడినవి. బాధ మిగిలి, దానికి కారణము మాత్రము తెలియకుండుట ఎంతటి చీకటియో ఊహింపవచ్చును. అయిదు నిమిషముల ఫోను మంచిదైనను చెడ్డదైనను అయిదు నిమిషములతో ముగియదని దీనివలన తెలియుచున్నది.

అప్పటి నుండి ఆ యింట ఫోను చేయు పద్ధతి మారినది. ముందు వేళ మారినది. ప్రొద్దు గ్రుంకు సమయమున ఇట్టి రోగులలో పలువురికి కలత హెచ్చును; నీడలు పెరిగినకొలది భయము పెరుగును. కుమారునికి అనుకూలమైన సాయంకాలము తల్లికి మిక్కిలి ప్రతికూలమైన వేళ యని వైద్యుడు చెప్పెను. నాటి నుండి అతడు ఇచ్చటి ఉదయము ఎనిమిది గంటలకు పిలుచుచున్నాడు. అప్పుడు డాలస్‌లో ముందటి రాత్రి తొమ్మిదిన్నర. శీతకాలమున అక్కడి గడియారములను ఒక గంట వెనుకకు త్రిప్పుదురు కావున ఎనిమిదిన్నర. దినమంతయు పనిచేసి అలసియున్నను ఆ వేళనే పిలుచును. సాంకేతిక విద్య ఎంత పెరిగినను భూమి గుండ్రముగా తిరుగుట మానలేదు కదా!

సెల్‌ఫోనుకు బదులు టీవీ తెరపై అతని ముఖము పెద్దదిగా కనబడునట్లు అల్లుడు అమర్చెను. మూలలోని తన ముఖము ఆమెకు కనబడకుండ తీసివేసెను. ఫోను తీయగానే కుమారుడు “అమ్మా, నేను నీ పెద్దబ్బాయిని, డాలస్ నుండి మాటలాడుచున్నాను” అని తానే చెప్పుకొనుచున్నాడు. ఒకమారు ఒక్కరే మాటలాడుదురు. మెల్లగా, చిన్న మాటలతో మాటలాడుదురు. జవాబు వచ్చువరకు వేచియుందురు. ఇవన్నియు చిన్న సంగతులే. కాని ఏ యంత్రమును వీనిని తనంతట తాను చేయదు. తెరను సరిచేసి, ధ్వని హెచ్చించి, అమ్మమ్మ చేయి పట్టుకొని ప్రక్కన కూర్చుండు ఆ బాలిక లేకున్నచో, ఎంత ఖరీదైన ఫోనైనను ఆమెకు మాటలాడు గాజుపలక మాత్రమే.

డాలస్‌లోని మనుమనికి తొమ్మిదేండ్లు. వానికి తెలుగు అంతంతమాత్రము. ఒకనాడు ఏమి మాటలాడవలెనో తోచక, తండ్రి నేర్పిన పదమూడవ ఎక్కమును తెలుగున చదువసాగెను. ఏడవ మెట్టు వద్ద తప్పి ఎనుబది యొకటి యనెను. సోఫాలో ముడుచుకొని కూర్చున్న ఆ వృద్ధురాలు నిటారుగా లేచి, “తొంబది యొకటి. మరల మొదటి నుండి చెప్పు” అన్నది. వాని పేరు ఆమెకు తెలియదు. వాడు తన కుమారుని కుమారుడని తెలియదు. కాని తప్పు చెప్పిన పిల్లవాడు, దిద్దవలసిన టీచరు, ఈ సంబంధము ఆమెకు పూర్తిగా తెలియును. నాటి నుండి ప్రతివారము ఒక ఎక్కము. వాడిప్పుడు పందొమ్మిదవ ఎక్కము నేర్చుచున్నాడు.

ఇట్లు పాత జ్ఞాపకముల ద్వారమున ప్రవేశించుట పాశ్చాత్యులును కనుగొన్న మార్గమే. స్కాట్లండులోని డండీ, సెంట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయముల పరిశోధకులు పాత ఛాయాచిత్రములను, పాటలను, చలనచిత్ర ఖండములను ఒక కంప్యూటరు తెరలో చేర్చి, వ్రేలితో తాకినంతనే అవి కనబడునట్లు, వినబడునట్లు చేసిరి. రోగియు, ప్రక్కనున్న వారును కలిసి వానిని చూచుచు మాటలాడుకొందురు. మాట తడబడు వారికి అది ఊతకర్ర. మన యిండ్లలో ఇట్టి సామగ్రి లేకపోలేదు. పెండ్లి ఆల్బము, మూసీ యొడ్డున తీసిన పాత ఫోటో, ఇత్తడి కాఫీ ఫిల్టరు, చిన్ననాడు చదివిన బడి పేరు, ఇవి తెరముందు చూపినను తలచినను చాలును.

ఇచ్చట భాష సంగతి కూడ చెప్పవలసియున్నది. వ్యాధి ముదిరిన కొలది పలువురు తరువాత నేర్చిన భాషను వదలి తల్లిభాషలోనికి మరలుదురు. ఏండ్ల తరబడి ఆంగ్లమున ఆఫీసు నడిపిన వారికి తుదకు తెలుగు మాటలే మిగులవచ్చును. అమెరికాలోని మనుమలకు ఆ తెలుగు రానిచో, టీవీ తెర యెంత పెద్దదైన ఏమి లాభము? భాషలను గూర్చి హైదరాబాదులోనే ఒక ప్రసిద్ధమైన పరిశోధన జరిగినది. పంజగుట్టలోని నిమ్స్ ఆసుపత్రిలో డాక్టరు సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు 648 మంది డిమెన్షియా రోగుల వివరములను పరిశీలించిరి. వారిలో 391 మంది ఒకటికి మించిన భాషలు మాటలాడువారు. అట్టి వారికి వ్యాధి లక్షణములు ఒకే భాష తెలిసిన వారికంటె సగటున నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా మొదలైనట్లు 2013లో వారు ప్రకటించిరి. బడికి పోని నిరక్షరాస్యులలో కూడ ఈ తేడా కనబడినది. తెలుగు, ఉర్దూ, హిందీ, ఆంగ్లము కలగలిసి వినబడు ఈ నగరపు వీధులు అట్టి పరిశోధనకు తగిన చోటు. అంబర్‌పేట ఆరవ నంబరు వద్ద బస్సు కొరకు నిలుచున్న వాడు పది నిమిషములలో మూడు భాషలు వినును.

2020వ సంవత్సరపు మార్చి నెలలో కోవిడ్ వలన అంతర్జాతీయ విమానములు ఆగిపోయినవి. నియమిత సేవలు 2022 మార్చి చివర గాని తిరిగి పూర్తిగా మొదలు కాలేదు. ఆ రెండేండ్లు పలు కుటుంబములకు తెర యొక్కటే దిక్కైనది. అప్పుడే దాని మేలును, దాని లోటును జనులు గ్రహించిరి. తెర ముఖమును చూపును, మాటను వినిపించును. తల దువ్వలేదు, అన్నము కలిపి పెట్టలేదు. ఫోనులో పలకరించితిమి కదా యని ప్రయాణము మానుకొను వారు ఈ సంగతి ఆలోచింపవలయును.

రికార్డు చేసిన స్వరమును గూర్చి కొంత వాదము కలదు. దగ్గరి వారు తమ మాటలను టేపులో నింపి, రోగి కలతపడినపుడు వినిపించు పద్ధతిని అమెరికాలో 1995లోనే ప్రయత్నించిరి. కొందరు శాంతించిరి, కొందరు మరింత కలతపడిరి. కావున మొదట ప్రక్కనుండి గమనింపవలయును. స్నానమునకు మొరాయించు తల్లికి కుమారుడు స్వయముగా చెప్పిన రెండు ప్రియమైన మాటలు వినిపించుటలో దోషము లేదు. కాని నేడు కృత్రిమ మేధతో మనిషి గొంతును అనుకరించి, అతడు అనని మాటలను అతడన్నట్లు పలికింపవచ్చును. కుమారునికి తీరిక లేదని కుమారుని గొంతుగల యంత్రమును తల్లి ముందుంచుట తగునా? తగదు. ఆమె మరచిపోయినంత మాత్రమున ఆమెతో అబద్ధమాడు హక్కు ఎవరికిని రాలేదు. గదిలో కెమెరా పెట్టుటయు ఇట్టిదే. పడిపోవునేమో యని వాకిట పెట్టవచ్చును. బట్టలు మార్చుకొను చోట పెట్టరాదు. ఇక దొంగలు అదే గొంతును దొంగిలించి డబ్బు అడుగుచున్నారు. వృద్ధుల ఫోనుకు తెలియని నంబర్లు రాకుండ చేయుట, మోసము జరిగినచో వెంటనే 1930కి తెలుపుట ఇంటివారి పని.

సాయము చేయు ఫోనులును కలవు. వృద్ధుల కొరకు 14567 నంబరుతో నేడు దేశమంతట నడుచుచున్న ఎల్డర్ లైన్ హైదరాబాదులోనే పుట్టినది. టాటా ట్రస్టులు, విజయవాహిని చారిటబుల్ ఫౌండేషన్ అను సంస్థయు 2017లో తెలంగాణ ప్రభుత్వముతో కలిసి దీనికి పూనుకొనినవి. 2021లో ఇది దేశవ్యాప్తమైనది. దారితప్పిన వృద్ధుని కనుగొన్నవారు గాని, ఎవరిని అడుగవలెనో తెలియని ఇంటివారు గాని ఆ నంబరుకు ఫోను చేయవచ్చును.

అశోక్‌నగర్ వృద్ధురాలికి నేడు మాటలు మరింత తగ్గినవి. ఎక్కము చెప్పించు వారములు కొన్ని, చెప్పింపని వారములు కొన్ని. కుమారుడు ఫోను పెట్టివేయుట లేదు. డాలస్ వంటింటిలో ఫోనును గోడకు ఆనించి, రాత్రి భోజనమైన పాత్రలను తోముకొనుచుండును. ఇచ్చట ఆమె చేటలో బియ్యము పోసికొని రాళ్లు ఏరుచుండును. ఆ బియ్యములో రాళ్లుండవు; మనుమరాలు ప్రతి ఆదివారము అవే బియ్యమును చేటలో పోయును. అరగంట సేపు ఎవ్వరును మాటలాడరు. కుళాయి చప్పుడు మాత్రము వినబడుచుండును. ఒక్కొక్కప్పుడు ఆమె తల యెత్తి తెరవంక చూచి, “నీళ్లు వృథా చేయకు నాయనా” అనును. ఆమె పాలవానిని, వైద్యుని, అల్లుని అందరిని నాయనా యనియే పిలుచును. అతడు కుళాయి కట్టివేయును.